గడ్డం సగంలో ఉండగా

అన్నదమ్ముల మధ్య అనుమానం రాజేసి, అన్న చేతనే తమ్ముణ్ణి చంపించే మంత్రి వేషం సెలూన్ బాబాయ్‌ది. రిహార్సల్స్ మొదలైన నాటి నుంచి దర్శకుడు మాస్టారికీ అతనికీ ఒక్క నవ్వు దగ్గరే పేచీ. ఆయన వికటంగా నవ్వమంటారు. ఇతను నవ్వనంటాడు.

ఆ ఉదయం గడ్డానికి వచ్చిన మాస్టారు కుర్చీలో కూర్చుంటూనే తేల్చేశారు.

"ఇదిగో, సాయంత్రం రిహార్సల్లో నవ్వావా సరే. లేదంటే వేషం టైలర్‌కిస్తాను. మంత్రి చెడ్డవాడని జనానికి తెలియాలా వద్దా?"

"జనానికి తెలిస్తే ఆ అన్నకీ తెలుస్తుంది కదండీ. ఇంకెలా నమ్ముతాడు?"

"నాకు చెప్పొచ్చావు!"

ఇరవై ఏళ్లుగా స్టేజీ ఎక్కుతున్న బాబాయ్‌కి దక్కిన మొదటి పెద్ద వేషమది. పోతే మళ్లీ దక్కదు. అయినా బ్రష్షును వేడినీళ్లలో ముంచి, ఆ వేడి తన మణికట్టు మీద చూసుకున్నాకే నురగ పట్టించాడు. ఎంత కోపంలోనైనా ఆ పని మరచిపోడు. కుడి చెంప నున్నగా గీసి, కత్తిని గొంతు దగ్గరికి తెచ్చాడు. కత్తి అక్కడుండగా ఎవరూ మాట్లాడరు, తలైనా ఊపరు.

"మీ బావమరిది నిన్న వచ్చాడండీ," అన్నాడు మెల్లగా. ఆ బావమరిది బస్సు డ్రైవరు, నాటకంలో అన్న. "మీరు డైలాగు చెప్పే తీరు అచ్చం దింపేశాడు. షాపులో అందరూ పడీ పడీ నవ్వారు. పెద్దాయన్ని అలా అనకూడదయ్యా అని నేనే ఆపాను. మీరేం మనసులో పెట్టుకోకండి."

కత్తి కింద మాస్టారి గొంతు కదిలింది. బాబాయ్ కత్తి తీశాడు.

"ఫోనివ్వు!" ఎడమ చెంపన నురగతోనే లేచి నిలబడ్డారు మాస్టారు. "వాడికి మాట పలకడం నేర్పిందే నేను! ఇవాళే తీసేస్తాను వెధవని."

"అతను నిన్న రానేలేదండీ. నేను కల్పించాను."

ఫోను కోసం చాచిన చెయ్యి మాస్టారు వెనక్కి తీసుకున్నారు.

"నేను నవ్వానా? కనుబొమ్మ ఎగరేశానా? మీ మంచి కోరేవాడిలా చెప్పాను, మీరు నమ్మేశారు. మంత్రి వేషం నేనిలాగే వేస్తాను. టైలర్‌కిస్తానంటే ఇచ్చుకోండి. ఆ నవ్వు మాత్రం నవ్వను."

మాస్టారు కూలబడ్డారు.

"ఏడిశావ్. వేషం నీదే. నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి."

బాబాయ్ మళ్లీ కత్తి అందుకోబోతే చెయ్యి పట్టుకున్నారు.

"అది సరేగానీ... ముక్కుతో మాట్లాడి చూపించాడా?"

"అయ్యో, రాలేదంటున్నాను కదండీ!"

"నువ్వు వాణ్ణి వెనకేసుకొస్తున్నావు. నాకు తెలుసులే."

బాబాయ్‌కి అప్పుడు భయం వేసింది. కత్తి మడిచాడు. ఆయన చెంప మీది నురగను తువాలుతో నెమ్మదిగా తుడిచి, షట్టరు సగం దించాడు.

"పదండి డిపోకి. అతని ఎదురుగానే చెబుతాను. లెంపకాయ కొడితే తింటాను."

"ఈ మొహంతోనా?"

"ఈ మొహంతోనే. మిగతా గడ్డం వచ్చాక గీస్తాను."