చంపని కాయ

కౌసల్యమ్మ దవాఖాన నుంచి ఇంటికొచ్చి వారమైంది. వచ్చినప్పటి నుంచి అష్టాచెమ్మలో ఒక్క ఆట కూడా ఓడలేదు.

"ఏందమ్మా, నల్లేరు మీద బండి నడకే అయింది నీకు!" అన్నాడు కొడుకు నరేందర్, ఎయిర్‌పోర్టు కిరాయికి కారు తీస్తూ. అన్నాడే గానీ ఆమె మొహం వైపు చూడలేదు.

కౌసల్యమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. ఎదుటివాడు అడ్డం నిలబడనప్పుడు, గెలిచినవాడికి చెమట కూడా పట్టనప్పుడు వాడే మాట అది. ఆమె ఎదురుగా కూర్చునేదేమో కోడలు ప్రసన్నలక్ష్మి! పద్దెనిమిదేళ్లలో కూరలో ఉప్పు దగ్గరైనా అత్త మాటకు తగ్గిందేమో గానీ, ఆటలో అత్తకు ఒక్క గడి వదిలిన పాపాన పోలేదు. కాయ చచ్చినప్పుడల్లా కౌసల్యమ్మ తిట్టే తిట్లు పక్కనున్న జల్‌పల్లి దాకా వినిపిస్తాయని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్లు. అట్లాంటి చోట నల్లేరేమిటి, బండేమిటి!

ఆ మధ్యాహ్నం అరుగు మీద సుద్దతో గళ్లు గీసుకుని కూర్చున్నారు. కోడలి చింతగింజకు సరిగ్గా రెండు గళ్ల ముందు అత్త గాజుముక్క ఉంది. కోడలు గవ్వలు వేస్తే రెండు పడింది. అత్త కాయను చంపి మొదటికి పంపాల్సిన పందెం. ప్రసన్నలక్ష్మి ఆ గింజను ముట్టుకోకుండా మూలనున్న ఇంకో గింజను జరిపింది.

కౌసల్యమ్మ గవ్వలు అందుకోలేదు. వారం రోజుల గెలుపులన్నీ ఒక్కసారిగా అర్థమై భయమేసింది.

"డాక్టరు ఏమన్నడే?"

"ఏమనలే అత్తా. మందులు మింగమన్నడు."

"మందులకైతే నువ్వు నన్ను గెలిపియ్యవు. నిజం చెప్పు."

ప్రసన్నలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈ ఎండకాలం దాటుడు కష్టమన్నడు."

పైనుంచి విమానం ఒకటి మోతతో పోయింది. కౌసల్యమ్మకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, కోడలు జరిపిన గింజను మళ్లీ పాత గడిలోనే పెట్టింది.

"ఇగ సక్కగ ఆడు. ఉన్నన్ని దినాలన్న నన్ను మనిషి లెక్క చూడు. సంపు నా కాయను."

"నాతోని గాదు అత్తా."

"నాకు భయపడ్డవని ఊరంత చెప్త."

ప్రసన్నలక్ష్మి చింతగింజను రెండు గళ్లు జరిపి, గాజుముక్కను తీసి బయట పెట్టింది.

"ముదనష్టపుదానా! నీ చేతులు పడిపోను! పండే కాయను సంపినవ్ గదనే!" కౌసల్యమ్మ గొంతు వీధి చివరిదాకా పోయింది. కోడలు ఏడుస్తూనే నవ్వింది.

ఆ ఆట కోడలే గెలిచింది. గళ్లు తుడిచెయ్యబోతే కౌసల్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్యి. రేపు ముందుగాల గవ్వలు నేనేస్త."