డబ్బాకు సాక

రాజన్న కుడిచెయ్యి తిరగేసి, వేళ్ల మొటికలను ఆంప్లిఫయర్ వీపుకు ఆనించాడు. పసిపిల్లకు జ్వరం చూసినట్టే చూస్తాడు ఎప్పుడూ. అరచెయ్యి మాత్రం పెట్టడు. కరెంటు తగిలిందంటే అరచెయ్యి ముడుచుకుని పట్టేసుకుంటుంది, వదలదు. వెనక వైపైతే విదిలించి పారేస్తుంది. అలా చూసీ చూసీ ఆ మొటికల మీద తోలు రొట్టెల పెనం అంచులా నల్లబడి గట్టిపడింది.

వెచ్చగా ఉంది. పాట ఇంకా మొదలే కాలేదు, అయినా వెచ్చగా ఉంది. దాని పుట్టుకే అంత.

ఆ డబ్బా రాజన్న చేతుల్లోనే పుట్టింది. గౌలిపుర సందులో, పాలవాళ్ల కొట్టాల పక్కన, జగదీశ్వర్ సౌండ్ సర్వీసు పెట్టిన కొత్తలో తయారుచేశాడు. లోపల రుబ్బురోలంత ట్రాన్స్‌ఫార్మర్, రెండు పక్కలా దువ్వెన పళ్లలాంటి అల్యూమినియం రెక్కలు, వెనక గాలి లాగే చిన్న ఫ్యాను. ఇద్దరు పడితే గానీ లేవదు. ఏబీ రకం అంటారు దాన్ని. చుట్టాలు ఏ క్షణాన వస్తారో అని పొయ్యి మీద పాలు సన్నసెగన పెట్టే ఉంచే ఇల్లు ఉంటుంది చూడండి, ఆ రకం కూడా అంతే. పాట ఉన్నా లేకున్నా లోపల కొంత కరెంటు పారుతూనే ఉంటుంది. పాట అందుకున్నాక స్పీకరుకు పోయేదెంతో, వేడైపోయి గాల్లో కలిసేదీ ఇంచుమించు అంతే. సబ్‌వూఫర్లు, అంటే గుండెల మీద గుద్దే ఆ పెద్ద బేస్ డబ్బాలు, మహా తిండిపోతులు. మిగతా స్పీకర్లన్నీ ఒక ఎత్తు, వాటి తిండి ఒక ఎత్తు. వాటికి వండి వార్చేది కాలక ఏమవుతుంది?

ఇప్పుడొచ్చేవన్నీ డీ రకం. కొళాయి పూర్తిగా తెరవడం, పూర్తిగా కట్టేయడం, అదీ లెక్కకు అందనంత వేగంగా. సగం తెరిచి నిలబడడమన్నది లేదు కనుక వేడీ అంతగా పుట్టదు. టిఫిన్ క్యారియర్‌లా ఒక చేత్తో పట్టుకుపోవచ్చు. నిరుడు బోనాలకు జగదీశ్వర్ కొడుకు అంజన్ అలాంటిదొకటి కిరాయికి తెచ్చాడు. రాజన్న తప్పు పట్టాలనే విన్నాడు. ఊరేగింపు పొడుగునా కళ్లు సగం మూసి విన్నాడు. బేస్ బిగుతుగా వచ్చింది. గుద్దాల్సిన చోట గుద్ది, ఆగాల్సిన చోట ఆగింది. ఆడవాళ్లు దానిమీద పూలదండలు కుప్పపోశారు, జాకెట్టు ముక్కలు కప్పారు, అయినా దానికి చెమట కూడా పట్టలేదు. ఇంటికొచ్చి, బాగానే ఉందే అని భార్య ఆగమ్మతో ఒక్క మాట అని, కంచం ముందునుంచి లేచిపోయాడు. పగవాడిలో తప్పు దొరక్కపోవడమంత కష్టం ఇంకోటి ఉంటుందా!

రాజన్న పెద్ద మనిషేమీ కాడు చూడ్డానికి. సన్నటి మెడ, సోల్డరు పొగకు ఎప్పుడూ నీరు కారే ఎడమ కన్ను, జేబులో టెస్టరు, చెవుల మీద బూడిదరంగు వెంట్రుకలు. సందులో నడిచి వస్తుంటే ఎవరూ తలెత్తి చూడరు. కానీ ఏ మిక్సీ కాలినా, ఏ ఫ్యాను మొరాయించినా అతని బల్ల మీదికే వస్తుంది. జగదీశ్వర్ పోయాక అంజన్ ఆ బల్లను కదపలేదు. ఇప్పుడు దుకాణం జల్‌పల్లికి మారుతోంది. అక్కడ ఉండేది చిన్న మడిగె. కొత్త డబ్బాలు చెడితే లోపలి సర్క్యూట్ అట్ట పీకేసి ఇంకోటి పెట్టడమే. విప్పేది లేదు, చుట్టేది లేదు. మరి రాజన్న బల్ల ఎందుకు?

అంజన్ మంచివాడే. చిన్నప్పుడంతా రాజన్న ఒళ్లో ఆడినవాడు. పొద్దున కుంకుమ బొట్టుతో వచ్చి, బల్ల అంచున కూర్చుని, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"కాకా, ఈ బోనాలకు బేస్ నీ డబ్బ మీదనే నడిపిస్త. మంచిగ నడిచిందనుకో, నీ బల్ల గూడ జల్‌పల్లికి తీస్కపోత. నడువకపోతే మాత్రం నన్నేమనొద్దు."

"నడుస్తది. గాలి ఆడనియ్యాలె, గంతే," అన్నాడు రాజన్న.

ఆ సంగతి మధ్యాహ్నం అన్నం దగ్గర ఆగమ్మకు చెప్పాడు. డబ్బా కాలుతుందేమోనని భయంగా ఉందనీ చెప్పాడు. చెప్పకుండా ఉంటే ఎట్లా ఉండేదో! ఆగమ్మ పని ఆపలేదు. బోనం కుండకు సున్నం పూస్తూ, పసుపు చుక్కలు పెడుతూ వింది. ఆమె ఒక మాట విన్నదంటే దాన్ని పట్టుకుని అమ్మవారి దగ్గరికి పోవాల్సిందే. కూతురు స్వరూపకు తట్టు పోసినప్పుడూ అంతే, వేపమండలు ముంచిన పసుపునీళ్లు, సాక అంటారు, అవి ఒంటికి పోసి చల్లబరిచింది. కాలేదాన్ని చల్లబరచడం తప్ప ఆడదాని చేతిలో ఇంకేముంది అనేది ఆమె లెక్క.

డీసీఎం బండి మీద బేస్ డబ్బాలు ముందు, జనరేటరు పక్కన, రాజన్న డబ్బా తోకవైపు బయటి గాలి తగిలేట్టు. రెక్కలకు ఏదీ ఆనకుండా ఇటుకలు పెట్టి ఎత్తాడు. తాను దాని పక్కనే కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. తొట్టెల ఊరేగింపు కదిలింది. అమ్మవారికి ఎక్కించే రంగుకాగితాల తొట్టెలు ముందు ఊగుతున్నాయి, వాటి వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక బండి. డబ్బా పాడింది. చెప్పొద్దూ, గట్టిగా పాడింది. కొట్టాల్లో గేదెలు చెవులు విదిలించాయి. రాజన్న మొటికలు ఆనించి చూశాడు. జ్వరం ఉంది, ఉండాల్సినంతే.

మలుపు దగ్గర సందు ఇరుకైంది. పైన ఇళ్లకు పోయే కరెంటు తీగలు తొట్టెల నెత్తికి తగిలేలా వేలాడుతున్నాయి. తీగలెత్తే మనిషి ఎక్కడో ఆటలో కలిసిపోయాడు. అంజన్ బండి మీదినుంచి, నువ్వు పో కాకా, కరెంటు తెలిసినోనివి అని కేకేశాడు. రాజన్న దిగాడు. ఎండు వెదురు గడ అందుకుని, జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి, తీగను ఎత్తిపట్టి నిలబడ్డాడు. కింద నుంచి తొట్టెలు, బోనాలు ఒక్కొక్కటే సాగుతున్నాయి. ప్రతి బోనం మీదా దీపం.

ఆ వరసలోనే ఆగమ్మ వచ్చింది. నెత్తిన బోనం, ముఖమంతా పసుపు. అతని పక్కనుంచి పోతూ, మెడ తిప్పకుండానే, ముఖం వెలిగిపోతుండగా చెప్పింది.

"ఫికర్ జెయ్యకు. నువ్వు దిగి పోంగనే నీ డబ్బకు సాకల ముంచిన చీర కప్పిన, గప్పుడే బోనమెత్తిన. అంచులు గిట్ల కింద దోపిన, గాలికి లేవదు. సల్లగుంటది ఇగ."

రాజన్న నోరు తెరిచాడు. తీసెయ్యమని ఆమెకు చెప్పి లాభం లేదు. ఎత్తిన బోనం గుడి దాకా దించరాదు, వెనక్కి తిరగరాదు. ఆమె అప్పటికే నాలుగడుగులు దాటిపోయింది. అతని చేతులు రెండూ పైన ఉన్నాయి. గడ మీద తీగ, తీగ కింద దీపాలు మోస్తున్న ఆడవాళ్లు. అంజన్‌ను పిలిచాడు. ఆ పిలుపును తన డబ్బా మోతే మింగేసింది. పక్కన ఎగురుతున్న పిల్లగాణ్ణి, ఈ గడ జర పట్టు బిడ్డా అని బతిమాలాడు. వాడు చెయ్యి ఊపి, నవ్వి, ఇంకా ఎగిరాడు.

ఇక వినడమొకటే మిగిలింది. విన్నాడు. మొదట బేస్ మెత్తబడింది, తడిసిన డప్పులా. ఎగిరేవాళ్లెవరికీ తెలియలేదు. గుద్దుకూ గుద్దుకూ మధ్య సన్నటి గురక మొదలైంది. తడి ఆరిపోయిన చీర కింద రెక్కలు ఎలా ఉడుకుతున్నాయో అతని మొటికలకు తెలుస్తూనే ఉంది, అంత దూరాన్నుంచి. చివరి బోనం తీగ దాటుతుండగా బేస్ తెగిపోయింది. పైన చిన్న హారన్ స్పీకర్లు మాత్రం కీచుమని పాడుతూనే ఉన్నాయి. ఒంట్లో సత్తువంతా పోయి గొంతొక్కటే మిగిలిన మనిషిలా.

ఎగిరేవాళ్ల కాళ్లు ఆగాయి. అదే సమయానికి పక్క సందులోంచి ఇంకో బండి బేస్ వినిపించింది. బిగుతుగా, గుద్దాల్సిన చోట గుద్దుతూ. ఎగిరే పిల్లలు ఒకరి వెనక ఒకరు అటు పోయారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు.

రాజన్న బండి దగ్గరికి వచ్చేసరికి చీర రెక్కలకు అంటుకుపోయి ఉంది, గీతలు గీతలుగా కమిలి. ఎవరూ చూడకముందే ఊడదీసి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు. గుడి ముందు తొట్టెల కుప్పలో, అడుగున, దాన్ని పెట్టేశాడు.

అంజన్ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఏమైంది కాకా అని మాత్రం అడిగాడు.

"పాత ట్రాన్సిస్టరు ఏసిన. నాదే తప్పు," అన్నాడు రాజన్న.

గుడి మెట్ల దగ్గర ఆగమ్మ ఎదురైంది. బోనం దించింది గానీ ఆమె ముఖంలో బరువు దిగలేదు. అంత చల్లగా చేసినా ఎట్ల పోయిందని అడిగింది. రాజన్న కన్ను తుడుచుకున్నాడు, ఆ నీళ్లు కారే ఎడమ కన్నే.

"నువ్వు జెయ్యవట్టే గంత దూరమన్న వచ్చిందే," అన్నాడు.

ఆమె తల ఊపింది. నమ్మింది.

పొద్దు వాలకముందే డబ్బాను దుకాణానికి చేర్చారు. రాజన్న దాన్ని బల్ల మీద పెట్టించి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి వేశాడు. కాలి చచ్చినదానికి గాలెందుకని అంజన్ అడగలేదు. కాసేపటికి పాత ఇనుము వాడు తోపుడుబండి తెచ్చాడు. రాజన్నే ఒక పక్క పట్టి డబ్బాను ఎక్కించాడు. తరవాత చెప్పులు వేసుకుని, పోయొస్త బిడ్డా అన్నాడు. అంజన్ ఏదో అనబోయాడు. అప్పటికి అతను పాలవాళ్ల కొట్టం దాటేశాడు.

దుకాణంలో ఆ టేబుల్ ఫ్యాను ఖాళీ బల్లకు ముఖం పెట్టి తిరుగుతూనే ఉంది.