లామినేషన్ కాటమయ్య

మిషను వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది. ఆలోగా కాటమయ్య కత్తెర తుడుస్తాడు, ప్లాస్టిక్ కవర్లను చిన్నవి, పెద్దవి, మందమైనవి అని మూడు దొంతులుగా సర్దుతాడు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుస్తాడు. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వెలగగానే ఒక తెల్ల కాగితం లోపలికి పంపి చూస్తాడు. ముడత పడకుండా బయటికొస్తే ఆ రోజు పని మొదలైనట్టే. దేవరకొండ తహసీలు ఆఫీసు ఎదుటి జిరాక్స్ దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఈ మధ్యలో జిరాక్స్ మిషన్లు నాలుగు మారాయి. ఓనరు పోయి ఓనరు కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. లామినేషన్ మిషనూ, దాని ముందు స్టూలు మీద కాటమయ్యా మాత్రం అలాగే ఉన్నారు. వేడి ప్లాస్టిక్ రుద్దీ రుద్దీ అతని వేలిముద్రలు అరిగిపోయాయి. రేషను దుకాణంలో వేలు పడక భార్య లీలమ్మనే పంపుతాడు.

ఆ శనివారం పచ్చ లైటు వెలిగినా అతను కాసేపు కాగితం పెట్టలేదు. సాయంత్రానికల్లా ఆ మిషను తనదవుతుందో, పాత సామాన్ల వ్యాను ఎక్కుతుందో తేలిపోతుంది. చిన్న ఓనరు నవీన్‌కుమార్ కొత్త ప్రింటర్ తెప్పిస్తున్నాడు. అది ప్లాస్టిక్ కార్డు మీదే నేరుగా అచ్చు కొడుతుంది, లామినేషన్‌తో పనే లేదు. పాత మిషనును అయిదు వేలకు లెక్కగట్టి తీసుకుంటామని ప్రింటర్ అమ్మినవాళ్ళు అన్నారట. ఆ అయిదు వేలు నువ్విస్తే నువ్వే తీసుకుపో అన్నాడు నవీన్‌కుమార్. అలా జరిగితే కాటమయ్య ఆఫీసు గేటు పక్కన, స్టాంపులమ్మే ఆయన రేకుల పందిరి కింద సొంతంగా కూర్చోవచ్చు. లేకపోతే చిట్యాలలో బామ్మర్ది చూసిపెట్టిన మిల్లు వాచ్‌మన్ పని ఉంది. వాచ్‌మన్ పనిని కాటమయ్య చిన్నచూపు చూడడు. నలభై నాలుగేళ్ళు వచ్చాక, చేతనైన ఒక్క పనినీ వదులుకోవాలంటే బాధగా ఉంది, అంతే.

ఆ అయిదు వేలూ ఒక క్రికెట్ కార్డులోంచి రావాలి.

కాటమయ్య తండ్రి కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు. తాళ్ళెక్కే వాళ్ళను కాచే దేవుడి పేరే కొడుక్కి పెట్టుకున్నాడు. ఆ దేవుడు ఎటు చూస్తున్నాడో గానీ ఒకనాడు నడుముకు కట్టుకున్న మోకు తెగి, తండ్రి చెట్టు మీంచి పడి చనిపోయాడు. కొడుకు చెట్టు ముట్టొద్దని తల్లి ఒట్టు వేయించుకుని, మెడకు తట్ట తగిలించి బస్టాండుకు పంపింది. తట్టలో పల్లీ పొట్లాలు, బబుల్‌గమ్ములు. ఒక్కో గమ్ముకు ఒక్కో క్రికెట్ ఆటగాడి కార్డు వచ్చేది. కల్వకుర్తి బస్సులో పెద్దమనుషులు గమ్ము నోట్లో వేసుకుని కార్డు కిటికీలోంచి పారేసేవారు. కాటమయ్య అవి ఏరుకునేవాడు. ఎవరు ఎవరో తెలియదు, ఆట చూడడానికి ఇంట్లో టీవీ లేదు. తెల్లబట్టల వాళ్ళు ఒంటికి మట్టంటకుండా నిలబడి ఉండడం అతనికి నచ్చేది. వాటిలో ఒకదానికి వెనకవైపు అచ్చు తలకిందులుగా పడింది. చెడిపోయిందని దాన్ని వేరే పెట్టాడు, పారేయడానికి మాత్రం మనసొప్పలేదు.

ముప్పై ఏళ్ళు బిస్కెట్ల డబ్బాలో పడున్న ఆ కార్డులను డిగ్రీ చదివే కూతురు నిహారిక పోయిన నెల ఫొటోలు తీసి, పాత వస్తువులు అమ్ముకునే ఫోను గ్రూపులో పెట్టింది. నాగపూర్ నుంచి ఒకాయన వెంటనే రాశాడు. మిగతావి మామూలువేననీ, తలకిందుల అచ్చు కార్డు మాత్రం అయిదు వేలకు కొంటాననీ అన్నాడు. మొదటిసారి అమ్మేవాళ్ళను ఎవరూ తొందరగా నమ్మరు కదా, కార్డు రెండు వైపులా వీడియో తీసి పంపితేనే డబ్బు పంపుతానన్నాడు. ఒంటిగంటకు కాలేజీ నుంచి దుకాణానికి వచ్చి వీడియో తీస్తాను, ఆ తర్వాత కొరియర్ చేద్దామని పొద్దున నిహారిక చెప్పి పోయింది. కార్డు కాగితంలో చుట్టి తండ్రి జేబులో పెట్టింది కూడా తనే.

పదింటికి నర్సింగమ్మ అనే ముసలామె మనవరాలి పదో తరగతి మెమో పట్టుకొచ్చి, చిరగకుండా గట్టిగా చేసిమ్మంది.

“వద్దు అవ్వా,” అన్నాడు కాటమయ్య. “దీని ఎనక కాలేజోళ్ళు ముద్ర కొడ్తరు. ఒక్కపారి చేసినంక ప్లాస్టిక్ ఊడది. జిరాక్స్ తీసి దాన్ని చేసిస్త.”

రోజుకు నలుగురికైనా ఈ మాట చెబుతాడు. చేతికొచ్చిన బేరం పోగొడతావని ఓనరు నస పెట్టినా మానలేదు. మరిచిపోయిన కార్డుల విషయంలోనూ అంతే. డబ్బులిచ్చేసి కార్డు వదిలేసి పోయేవాళ్ళు వారానికి ఒకరైనా ఉంటారు. వాటిని అతను కౌంటర్ అద్దం కింద, మొహాలు పైకి కనబడేలా వరసగా పెడతాడు. ఒకామె మూడేళ్ళ తర్వాత వచ్చి, చనిపోయిన భర్త కార్డు అక్కడ చూసుకుని తీసుకుపోయింది.

పదకొండు దాటాక వాన పట్టుకుంది. దుకాణంలో ఎవరూ లేరు. కాటమయ్య కార్డు తీసి చూశాడు. ఒక మూల మెత్తబడి ఉంది. నాగపూర్ చాలా దూరం. ఈ వానల్లో కొరియర్ సంచి ఎక్కడెక్కడ తడుస్తుందో. జీవితంలో మొదటిసారి తన సొంత వస్తువు ఒకటి అమ్ముతున్నాడు, అది నానిపోయి చేరితే ఆ మనిషి ఏమనుకుంటాడు? వకీళ్ళ గుర్తింపు కార్డులకని దాచే మందపు కవరు తీశాడు. కార్డును తువ్వాలుతో అద్ది, అంచులు సరిచూసి, మిషనులోకి మెల్లగా వదిలాడు. ఒక్క బుడగ లేకుండా బయటికొచ్చింది. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించాడు. ఇరవై రెండేళ్ళలో ఇంత బాగా ఏదీ కుదరలేదనిపించి చాలా సంతోషపడ్డాడు. నర్సింగమ్మకు చెప్పిన మాట అతనికి గుర్తే రాలేదు. అది ఆఫీసు కాగితం, ఇది ప్రేమగా దాచుకున్నది.

ఒంటిగంటకు నిహారిక గొడుగు ముడిచి లోపలికి వచ్చి కార్డు చేతిలోకి తీసుకుంది. రెండు వైపులా తిప్పి చూసింది.

“నాయినా, గిదేంది గిట్ల చేసినవ్?”

“వానకు తడుస్తదని చేసిన బిడ్డా. నీళ్ళల్ల ఏసినా ఏం గాదిప్పుడు.”

దాచిపెట్టి అమ్మడం నిహారికకు రాదు. ఉన్నదున్నట్టు వీడియో తీసి పంపింది. అయిదు నిమిషాల్లో హిందీలో జవాబొచ్చింది. ఆయన మర్యాదగానే రాశాడు. కార్డును పుట్టినది పుట్టినట్టుగా దాచుకునేవాళ్ళం మేము, ప్లాస్టిక్ అతికించాక అది మాకు పనికిరాదు, క్షమించండి అన్నాడు. అది చదివి చెబుతుంటే నిహారికకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. మెల్లగా ఊడదీయడానికి రాదా అని అడిగింది.

ఆ సంగతి జిల్లాలో అందరికంటే బాగా కాటమయ్యకే తెలుసు.

“ఊడది బిడ్డా. ఊడదీస్తే బొమ్మ ప్లాస్టిక్ తోటే వస్తది,” అన్నాడు. “తిన్నవా?” అని అడిగాడు.

తినలేదంది. టిఫిన్ డబ్బా ఆమె ముందుకు జరిపాడు.

మధ్యాహ్నం జనం ఎక్కువే వచ్చారు. సాయంత్రం దాకా అతను తల ఎత్తకుండా పని చేశాడు. అయిదింటికి వ్యాను వచ్చింది. డబ్బు కుదరలేదని అతని మొహం చూడగానే నవీన్‌కుమార్‌కు తెలిసిపోయింది. మిషనును ఎత్తబోతున్న కూలీలను కాటమయ్యే ఆపాడు. వేడి మీద కదిలిస్తే రోలర్లు పాడవుతాయి, పావుగంట ఆగమన్నాడు. తుక్కుకు పోయేదానికి ఎందుకని ఒకడు నవ్వినా అతని మాట కాదనలేక ఆగారు. చల్లబడ్డాక వైరు తనే చుట్టి ఇచ్చాడు.

“సోమారం గూడ రా కాటన్నా. ఏదో ఒక పనుంటది,” అన్నాడు నవీన్‌కుమార్. ఆ మాట మనసులోంచే అన్నాడు.

“ఏదో ఒక పని నాకు రాదు సేటు. నాకొచ్చింది గిదొక్కటే.”

సోమవారం పొద్దున కాటమయ్య బట్టల సంచితో నల్లగొండ బస్సెక్కాడు. అక్కడ దిగి చిట్యాల బస్సెక్కాలి. నిహారిక బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడింది.

దుకాణంలో లామినేషన్ మిషను ఉన్న చోట బల్ల నలుచదరంగా తెల్లగా కనబడుతోంది. పక్కన కౌంటర్ అద్దం కింద, మరిచిపోయిన కార్డుల వరస చివర ఒకటి ఎక్కువైంది. ఎవరిదని అడిగితే నవీన్‌కుమార్ చెప్పలేడు. తెల్లబట్టల ఆటగాడు ఒంటికి మట్టంటకుండా నిలబడి ఉన్నాడు, ఎక్కడా బుడగ లేదు, నాలుగు మూలలూ గుండ్రంగా ఉన్నాయి.