ఎఫీ మోసిన బ్యాగు

ఎఫీ ఆట చూడడానికి వస్తుందని ఇష్బెల్‌కు తెలుసు. అవతల ఆడే ఆవిడ గోల్ఫ్ కర్రల బ్యాగు భుజాన వేసుకుని వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ శనివారం పోర్ట్ ఎల్రిక్ గోల్ఫ్ క్లబ్బులో ఆడవాళ్ల పోటీ సెమీఫైనల్. ఒక పక్క ఊళ్లో బేకరీ నడిపే ఇష్బెల్ గన్. ఇంకో పక్క రోజలిండ్ ప్రింగిల్, ఎడిన్‌బరాలో పళ్ల డాక్టరుగా చేసి మానేసి, కిందటేడు ఇక్కడ సముద్రానికి ఎదురుగా ఇల్లు కొనుక్కున్నావిడ. ఆమె వెనకాలే, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, బరువుకి ఓ పక్కకి ఒరిగి నడుస్తూ ఎఫీ మన్రో.

"ఏమే, మోకాలు ఎలా ఉంది?" అంది ఎఫీ.

"ఉంది," అంది ఇష్బెల్.

పద్దెనిమిదేళ్లు వాళ్లిద్దరూ జంటగా ఆడారు. ఊళ్లో ఒకరి పేరు తలిస్తే రెండో పేరు దానంతటదే నోట్లోకి వచ్చేది. ఎఫీ భర్త పోయినప్పుడు నెల్లాళ్లపాటు ఇష్బెల్ ఆమె ఇంట్లోనే పడుకుంది. ఇష్బెల్ మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు ఎఫీ తెల్లవారకుండానే బేకరీ తెరిచి, సగం బన్నులు మాడ్చి, మాడినవి తనే కొనుక్కుపోయింది. అలాంటిది, ఈ వసంతంలో ఒక ఉదయం రొట్టె కోసం వచ్చి, చిల్లర అందుకుంటూ, ఈ ఏడు జంటల ఆట రోజలిండ్‌తో ఆడతానని మాటిచ్చానని చెప్పింది. నువ్వేమీ అనుకోవుగా అని అడిగింది. ఏమీ అనుకోనంది ఇష్బెల్. అనడమైతే అంది గాని, ఆ రోజు నుంచి ఆమె మరో సంగతి అనుకున్నది లేదు.

రోజలిండ్‌లో ఆమెకి నచ్చనిదంటూ వేరే ఏమీ లేదు. నెమ్మదైన మనిషి, చక్కగా మాట్లాడుతుంది. అదే ఒళ్లు మండించేది. బేకరీ కిటికీలోంచి వాళ్లిద్దరూ కారు దిగడం కనిపించేది. ఎఫీ నవ్వు అద్దం దాటి లోపలికి వినిపించేది. ఇన్నేళ్లలో తన పక్కన అంత గట్టిగా నవ్విందా అని ఇష్బెల్ పిండి పిసుకుతూ గుర్తు చేసుకునేది. ఎంత ఆలోచించినా గుర్తుకొచ్చేది కాదు.

ఆట మొదలయ్యేసరికి సముద్రం మీది గాలి అడ్డంగా కొడుతోంది. బంతి జెండా పాతిన గుంటలో పడేదాకా ఒక హోల్. హోల్ హోల్‌కీ గెలుపోటములు తేల్చుకునే పద్ధతి కాబట్టి మొత్తం ఎన్ని దెబ్బలు కొట్టారన్నది లెక్కలోకి రాదు, ఆ హోల్‌లో ఎదుటి మనిషి కన్నా ఒక దెబ్బ తక్కువైతే చాలు. ఆ నేల మీద అదీ తేలిక కాదు. చెట్టన్నది లేదు. అంతా ఇసుక దిబ్బలూ, ముళ్లపొదలూ, మనిషి దిగితే తల మాత్రం కనిపించే ఇసుక గోతులూ. నున్నటి గడ్డి మీద పడిన బంతి కూడా ఏ మిట్టో తగిలి గోతిలోకి దొర్లిపోతుంది. ఇష్బెల్ అక్కడ పుట్టి పెరిగిన మనిషి. గాలి కిందుగా బంతిని పోనివ్వడం ఆమెకి చేతి అలవాటు. మామూలుగానైతే సగం దారిలోనే ముందుకి వెళ్లిపోవలసింది. కాని ఆమె కళ్లు బంతి మీద కన్నా ఆ ఇద్దరి మీదే ఎక్కువున్నాయి. రోజలిండ్ ఒకటి గెలిస్తే ఇష్బెల్ ఒకటి గెలిచింది. అలాగే సమానంగా నడిచింది.

తొమ్మిదో హోల్ అయ్యాక ఎఫీ ఫ్లాస్కు తీసింది. బార్లీ సూపు. ముందు రోజలిండ్‌కి పోసింది. తర్వాత మూత నిండా పోసి ఇష్బెల్ దగ్గరికి తెచ్చింది. వద్దంది ఇష్బెల్, కడుపు నిండుగా ఉందని. మిరియాల వాసన ముక్కుకి తగిలింది. మిరియాలు ఎక్కువ వెయ్యమని ఎఫీకి నేర్పింది తనే.

పదిహేనో హోల్ దగ్గర జెండా కనపడదు. ఎదురుగా కొండంత దిబ్బ. దాని మీదుగా చేపలకి పొగపెట్టే పాత షెడ్డు పొగగొట్టం కొస మాత్రం కనిపిస్తుంది. కొత్తవాళ్లందరూ దాని మీదికే కొట్టి పొదల్లో బంతులు పోగొట్టుకుంటారు. కొట్టవలసింది అక్కడికి కాదు. దానికి బాగా కుడివైపు, రాతిగోడ వంపు తిరిగే చోటుకి. ఆ చోటు ఇష్బెల్, ఎఫీ కలిసి కనిపెట్టినది. అప్పట్లో వాళ్లు వేసవంతా సాయంత్రాలు ఇక్కడే గడిపారు. ఒకరు కొడితే ఒకరు దిబ్బ మీద నిలబడి అరిచేవారు. ఎవరికీ చెప్పొద్దనుకున్నారు.

ముందు కొట్టే వంతు ఇష్బెల్‌ది. గోడ వంపు చూసుకుని కొట్టింది. బాగా తగిలింది. పక్కకి జరుగుతూ వింది.

"ఆ పొగగొట్టాన్ని మర్చిపో," అంటోంది ఎఫీ రోజలిండ్ చెవి దగ్గర. "ఆ గోడ మెలి తిరిగింది చూశావా? దాని మీదికి. గాలి సంగతి నువ్వేం పట్టించుకోకు."

ఇష్బెల్‌కి ఇంట్లో వస్తువు ఎవరో పట్టుకుపోతుంటే, తాళం తీసిచ్చింది ఇంట్లో మనిషేనని తెలిసినట్టయింది.

రోజలిండ్ బంతీ అదే దారిన పోయింది. దిబ్బ దాటి చూస్తే రెండూ ఒకే పల్లంలో, బిరుసు గడ్డిలో, బారెడు దూరంలో పడి ఉన్నాయి. రెండూ తెల్లవే, ఒకే రకానివి. ఇష్బెల్ తన బంతి మీద నీలం చుక్క పెట్టుకుంటుంది. ఎఫీ జెండా ఏ మూలనుందో చూడడానికి ఎదుటి మిట్ట ఎక్కింది. రోజలిండ్ మొదట కనిపించిన బంతి దగ్గరికి వెళ్లి, వంగి చూడకుండానే కాళ్లు సర్దుకుంది. గడ్డి గాలికి పక్కకి వాలింది. నీలం చుక్క కనిపించింది.

నోరు తెరిస్తే చాలు. ఇష్బెల్ తెరవలేదు. రోజలిండ్ కర్ర ఎత్తింది, కొట్టింది. బంతి అందంగా లేచి జెండా వైపు పోయింది.

"అది నా బంతి," అంది ఇష్బెల్ అప్పుడు.

వేరేవాళ్ల బంతి కొడితే ఆ హోల్ పోయినట్టే. రోజలిండ్ రెండో బంతి తిప్పి చూసుకుని, నుదురు కొట్టుకుని నవ్వేసింది. తప్పు తనదేనని, కళ్లజోడు మార్చాలని, ఇంత మంచి దెబ్బ మీ బంతికి పెట్టానని అంది. ఆమె కోపం తెచ్చుకుంటే ఇష్బెల్‌కి కాస్త హాయిగా ఉండేది.

ఎఫీ నవ్వలేదు. మిట్ట మీద నిలబడి ఇష్బెల్ మొహంలోకి చూసింది. ఆ మొహం ఆమెకి కొత్త కాదు. దిగి వచ్చి బ్యాగు ఎత్తుకుంది.

మిగిలిన మూడు హోల్స్‌లోనూ ఎవరూ ఎవరినీ మించలేదు. ఇష్బెల్ గెలిచింది, ఆ ఒక్క హోల్‌తోనే. చప్పట్లు కొట్టిన పదిమందిలో ఎఫీ కూడా ఉంది, రెండే రెండు చప్పట్లు.

ఇష్బెల్ బూట్లు మార్చుకుంటూ ఉంటే ఎఫీ కారు దగ్గరికి వచ్చింది.

"నీకు ముందే కనపడింది," అంది.

"కనపడితే? చూసుకోవలసింది ఆవిడ."

"ఆవిడే. రూలు నాకూ తెలుసులే."

"మన గోడ వంపు ఆవిడకెందుకు చెప్పావు?" అంది ఇష్బెల్. "అది మనిద్దరిదీ."

ఎఫీ కారు అద్దం మీది ఇసుకని వేలితో గీసింది. "నేనెందుకు వెళ్లిపోయానో నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

"ఆవిడ గొప్పది, అందుకని."

"గొప్పా పాడా. నేను తప్పు కొడితే ఆవిడ నవ్వుతుందే. నువ్వు మాట్లాడవు. ఇంటికెళ్లేదాకా మాట్లాడవు. మనం ఆడిన జంటల ఫైనల్లో అంత దగ్గరి బంతి నేను గుంటలో వెయ్యలేకపోయాను చూడు, కారులో దారంతా నువ్వు రేడియో పెట్టావు. ఇంటికెళ్లి ఏడ్చాను. ఆటకని వెళ్లి ఏడుస్తూ రావడం ఈ వయసులో నావల్ల కాదు."

ఇష్బెల్ అలాంటిదేమీ లేదనబోయింది. కాని ఆ రేడియో ఆమెకి గుర్తుంది. అందులో ఏం వచ్చిందో కూడా గుర్తుంది.

మర్నాడు ఫైనల్లో ఒక కుర్ర టీచరమ్మ ఆమెని చిత్తుగా ఓడించింది. ఇష్బెల్ బ్యాగు తనే మోసుకుంది. ఎఫీ రాలేదు. క్లబ్బులో ఓదార్చబోయిన వాళ్లతో గాలి మీదికి నెపం నెట్టి ఇంటికి వచ్చేసింది.

పదిరోజులు ఆగి ఎఫీకి ఫోన్ చేసింది. బంతి సంగతి రోజలిండ్‌తో తనే చెప్పుకుంటానంది, చెప్పింది కూడా. ఆ రోజు రేడియో పెట్టింది తప్పేనని మాత్రం ఎఫీకే చెప్పాలి. ఆ మాట పెగలడానికి చాలాసేపు పట్టింది. అవతల ఎఫీ తొందరపెట్టలేదు. విన్నాక, మంగళవారాలు నీతో ఆడతానని, గురువారాలు మాత్రం రోజలిండ్‌వని, అది మారదని చెప్పింది. సరేనంది ఇష్బెల్.

మంగళవారాలు బాగానే గడుస్తున్నాయి. ఎఫీ తప్పు కొడితే ఇష్బెల్ ఏదో ఒకటి మాట్లాడుతుంది, ఎక్కువసార్లు వాన గురించి. ఒకసారి ఇద్దరూ నవ్వారు కూడా. గురువారాలు ఆమె కిటికీకి దూరంగా, వెనక గదిలో పొయ్యి దగ్గర పని పెట్టుకుంటుంది. అక్కడికీ కొన్నిసార్లు ఆ నవ్వు వినిపిస్తుంది. అప్పుడు పిండి మరికాస్త గట్టిగా పిసుకుతుంది.