తన్నిన చప్పుడు

ఫోన్ మోగేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. పెళ్లయి రెండు నెలలైనా నిండలేదు కాబట్టి, ఫోన్ భార్య చెవి దగ్గర పట్టుకుని నిలబడడం కూడా ఆమె భర్తకు ముచ్చటైన పనే.

"ఫైనల్‌కి లైన్ మీద నువ్వేనమ్మా," అన్నాడు అవతలినుంచి సీనియర్ రిఫరీ. "సెమీస్‌లో అంతమంది అరిచినా జెండా ఎత్తలేదు చూడు, కమిటీకి అది నచ్చింది."

ఆమె నురగ చేతులతోనే గంతేసింది. ఇన్నాళ్లూ ఎండకి మాడి, వానకి నాని, ఫుట్‌బాల్ మైదానం అంచున లైన్ రిఫరీగా జెండా పట్టుకుని పరిగెత్తింది ఈ ఒక్క మాట కోసమే. ఒక బుడగ ఎగిరి భర్త ముక్కు మీద వాలింది. అతను తుడుచుకోలేదు. నవ్వనూ లేదు.

"అంటే, మావాళ్లని ఇంటికి పంపినందుకు బహుమానమన్నమాట," అన్నాడు.

అతను చిన్నప్పటినుంచి ప్రాణం పెట్టుకున్న జట్టు ఆ సెమీఫైనల్లో ఒకే ఒక్క గోల్‌తో ఓడిపోయింది. గోల్ కొట్టినవాడు ముందే చివరి డిఫెండర్‌ని దాటేసి ఉన్నాడని, కాబట్టి అది ఆఫ్‌సైడ్ అని, ఆమె జెండా ఎత్తాల్సిందని అతని వాదన.

"ఫైనల్‌కి నేను రావట్లేదు. తప్పు ఒప్పుకో, వస్తా."

ఆమె మనసు చివుక్కుమంది. జనం తిట్లు ఆమెకి కొత్త కాదు, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. కానీ ఫైనల్ రోజున, తిట్టే ఆ వేలమందిలో తనవాడంటూ ఒకడు కూర్చుని ఉంటాడని ఎన్ని ఊహలు అల్లుకుంది!

అతను అప్పటికే హాల్లోకి వెళ్లి టీవీలో ఆ గోల్ పెట్టి, రిమోట్‌తో టక్కున ఆపాడు.

"చూడు! మా డిఫెండర్‌ని దాటి ఎంత దూరం వెళ్లిపోయాడో! వీడు కనపళ్లేదా నీకు?"

"బంతెక్కడుంది?"

"గాల్లో."

"గాల్లో ఉన్నప్పుడు ఆపితే ఎలా? బంతి ఇచ్చేవాడు తన్నిన క్షణంలో వీడెక్కడున్నాడన్నదే లెక్క. ఆ తర్వాత చంద్రమండలానికి వెళ్లినా నాకనవసరం."

అతను వెనక్కి జరిపాడు. బొమ్మ అలుక్కుపోయింది. "ఇక్కడ ఏమీ తెలీట్లేదు. అంటే నువ్వూ చూడలేదన్నమాట."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. టీ తాగుతున్నా ఇదే గోల, పడుకోబోతున్నా ఇదే గోల. చేతిలో రిమోట్ ఉన్న ప్రతివాడూ న్యాయమూర్తే. మైదానంలో తనకి ఆపే మీట ఏది?

"గిన్నెలు సగంలో వదిలేసి ఏంటర్రా ఈ పంచాయతీ?" అంది సోఫాలో పేపరు చదువుతున్న అత్తగారు.

"అత్తయ్యా, ఒక్కసారి లేస్తారా? మీరు బంతి తన్నాలి."

మేజోళ్లు ఉండచుట్టి బంతి చేసింది. గది మధ్యలో కుర్చీ వేసి, అదే చివరి డిఫెండర్ అంది. కుర్చీకి సూటిగా గోడ దగ్గర, లైన్ రిఫరీ ఉండే చోట, భర్తని నిలబెట్టింది. తను కుర్చీకి ఇవతల, అత్తగారి వైపు నిలబడి, ఆవిడ తన్నగానే కుర్చీ దాటి ముందుకి దూకింది.

"ఆఫ్‌సైడ్!" చెయ్యెత్తి అరిచాడు అతను.

"ఏడిశావ్‌లే! నేను తన్నేదాకా కోడలు కదిలితేగా?" అంది వాళ్లమ్మ.

మళ్లీ తన్నింది. మళ్లీ ఆఫ్‌సైడ్ అన్నాడు. ఇంకోసారీ అంతే. అతని మొహం కందగడ్డలా అయింది.

"నువ్వు మీ అమ్మ కాలు చూస్తున్నావు. నీ చూపు తిరిగి నా మీదికొచ్చేలోపు నేను రెండడుగులు వేసేస్తున్నాను," అంది ఆమె.

"మరి రెండూ ఒకేసారి ఎలా చూడమంటావ్?"

"రెండూ చూడక్కర్లేదు. చూపు కుర్చీ మీదే ఉంచు. తన్నడం చెవితో విను."

అత్తగారు ఈసారి చెప్పులేసుకుని వచ్చి తన్నింది. టప్! అతను కుర్చీని గుడ్లప్పగించి చూశాడు. చప్పుడైన క్షణానికి ఆమె ఇంకా కుర్చీకి ఇవతలే ఉంది. సగం లేచిన చెయ్యి ఆగిపోయింది. మెల్లగా దిగింది.

"స్టేడియంలో అంత గోలలో ఈ చప్పుడు ఏం వినపడుతుంది?" అన్నాడు.

"చాలాసార్లు వినపడదు. ఓరకంట చూసి సరిపెట్టుకోవాలి. అదే నా ఏడుపు! ఇన్ని రోజులుగా చెబుదామంటే రిమోట్ వదలవు కదా."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు వినపడింది."

అతను టీవీలో గాల్లో ఆగిపోయిన బంతి వంక చూశాడు. టీవీ కట్టేశాడు.

"మేజోళ్లతో తేలే విషయం కాదిది," అన్నాడు, గొంతులో బింకం పోకుండా. "రేపు పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్దాం. నిజం బంతి, నిజం గడ్డి. జెండా నాకియ్యి. అక్కడా తప్పు చెప్పానంటే ఫైనల్‌కి ముందు వరసలో టికెట్ కొంటా."

"రెండు కొను," అంది అత్తగారు, చెప్పులు విప్పుతూ. "రేపు కూడా తన్నేది నేనే. ముందు నా బూట్లెక్కడున్నాయో వెతకండి."