ఎడమ కాలి కొలత

కత్తెర పట్టి ముప్పై ఏళ్లు. మెదక్‌లో హమీద్ టైలర్ కొలత తప్పిందన్న మనిషి లేడు. నా టేపును ఎవరినీ ముట్టనివ్వను, నా భార్య సాబెరాను కూడా. అలాంటి నాకు, కాన్పుకొచ్చిన నా కూతురు ఫరీహానే వంక పెట్టింది.

చిల్లా స్నానానికి, అంటే కాన్పయిన నలభయ్యో రోజుకని, దానికి చుడీదార్ కుట్టాను. ఇరవయ్యో రోజే వేసి చూసుకుంది. కుడి కాలు సాఫీగా ఎక్కింది. ఎడమది పిక్క దగ్గర ఆగిపోయింది.

“అబ్బాజాన్, ఎడమది టైట్ కుట్టినవ్.”

నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. టేపు తీశాను. కుడి పిక్క పదమూడు అంగుళాలు. ఎడమది పదిహేనున్నర. మళ్లీ కొలిచాను. జన్మలో మొదటిసారి నా కొలత తప్పయితే బాగుండుననిపించింది. కాలు వేడిగా కాలుతోంది.

“బాలింత వాపు. మూడు దినాలసంది పిసుకుతనే ఉన్న గద,” అంటూ సాబెరా నువ్వుల నూనె గిన్నె తెచ్చింది. ఇరవై రోజులుగా కూతుర్ని మంచం దిగనివ్వలేదు. మంచినీళ్లు కూడా చేతికే అందించేది. అంత ముద్దు.

జాకెట్ కోసం వచ్చిన నర్సు లిడియా గుమ్మంలోంచే కేక వేసింది.

“సాబెరక్కా, ముట్టకుండ్రి!”

లోపలికొచ్చి రెండు కాళ్లూ చూసింది. “బాలింత వాపయితే రెండు కాళ్లకు రావాలె. గిది ఒక్క కాలే. మంచంల పండుకొని పండుకొని లోపటి నరంల రక్తం గడ్డ కట్టినట్టుంది. పిసికితే ఊడి ఊపిరితిత్తులకు పోతది. ఫరీహా, దమ్ము ఆడుతుందా? ఛాతిల నొప్పి లేదు గద? భాయ్, జల్ది ఆటో పిలువుండ్రి.”

దవాఖానలో స్కానింగ్ చేస్తే గడ్డ తొడదాకా ఉంది. వెంటనే సూదిమందు మొదలుపెట్టారు. “టైముకు తెచ్చిండ్రు,” అన్నాడు డాక్టర్. అక్కడే కూలబడి ఏడ్చాను. దాచుకోవడమెందుకు?

సాబెరా మంచం దగ్గరికి రాలేదు. చేతులు కొంగులో దాచుకొని గోడకానుకుంది. “గీ చేతులతోనే నా బిడ్డ పాణం తీస్తుంటి.”

“ఎవరికి తెల్సు అమ్మీ? జర ఇటు రా,” అని ఫరీహా ఎంత పిలిచినా కదల్లేదు. అట్లా అయిదు రోజులు.

ఆరో రోజు పొద్దున నా టేపు తీసి సాబెరా చేతిలో పెట్టాను.

“నువ్వే కొలువు.”

నన్నూ టేపునూ మార్చి మార్చి చూసింది. మెల్లగా వచ్చి, ఎక్కడ నొక్కుకుపోతుందోనని వేలు దూరేంత వదులుగా పిక్క చుట్టూ పట్టింది.

“పద్నాలుగు,” అంది, కళ్లనీళ్లతో.

అలా పడితే కొలత సరిగ్గా రాదు. అయినా నేను సరిదిద్దలేదు.