ఎంతొస్తే అంతే

చుక్క మేడమ్‌కి ఆ పేరు పిల్లలు పెట్టారు. "చుక్క చుక్కగా వదలండి, కుళాయి తిప్పినట్టు తిప్పకండి" అని ల్యాబులో ఆవిడ ఇరవై రెండేళ్లుగా అరిచే అరుపులోంచి పుట్టిన పేరది. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. తెలియనట్టే ఉంటుంది. పిల్లలు పెట్టే పేర్లకి కోపం తెచ్చుకుంటే టీచరు ఉద్యోగంలో ఒక్కపూటైనా నిలవలేం.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ల్యాబు ఖాళీ అయ్యాక ఆవిడ చేతులు కడుక్కుంటుంటే గుమ్మంలో ఇద్దరు కనిపించారు. ఒకరు పదకొండో తరగతి అమ్మాయి. తోటివాళ్లు ఆ పిల్లని నత్త అంటారు. అందరూ పని ముగించి, గాజు సామాను కడిగేసి, కబుర్లలో పడ్డాక కూడా ఈ పిల్ల ఇంకా గాజుగొట్టం వంక చూస్తూనే ఉంటుంది. రెండో మనిషి వాళ్ల నాన్న. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కుట్టుమిషను ముందు నుంచి లేచి తిన్నగా వచ్చినట్టున్నాడు.

"మేడమ్ గారూ, అమ్మాయిని సైన్సులోంచి మార్పిద్దామని అర్జీ తెచ్చామండి. మీ సంతకం కావాలంట. దీనికి సైన్సంటే ప్రాణమండి. కానీ చెయ్యి తిరగట్లేదంటోంది. మూడు వారాలుగా సరిగ్గా అన్నం కూడా తినట్లేదు."

అమ్మాయి తల ఎత్తలేదు.

మేడమ్‌కి పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. మూడు వారాలుగా తరగతి చేత ఒకే ప్రయోగం చేయిస్తోంది. ఫ్లాస్కులో పది మిల్లీలీటర్ల కాస్టిక్ సోడా నీళ్లు పోసి రంగు చూపే మందు రెండు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. పైనున్న గాజుగొట్టంలోంచి ఆమ్లం చుక్కలుగా వదలాలి. రంగు పోగానే ఆపి, ఎంత ఆమ్లం పట్టిందో రాయాలి. పదికి దగ్గరగా రావాలని మేడమ్ ముందే చెప్పింది. ఇరవై తొమ్మిది మందికి అలాగే వచ్చింది. ఈ పిల్లకి మాత్రం మూడు వారాలూ పన్నెండున్నర వచ్చింది. మూడుసార్లూ మేడమ్ ఎర్రసిరాతో సున్నా చుట్టి "అజాగ్రత్త" అని రాసింది. మూడోసారి నోరు కూడా జారింది. "నత్త నడకైనా ఏదో ఒక రోజుకి చేరుతుందమ్మా, నీది అదీ లేదు," అంది. తరగతి గొల్లున నవ్వింది. ఆ నవ్వే ఈ పిల్లని ఇవాళ అర్జీతో ఇక్కడికి తెచ్చింది.

"రంగు పోయాక కూడా వదులుతున్నావా?" అని అడిగింది మేడమ్, కలం మూత తీస్తూ.

"లేదు మేడమ్. పన్నెండు దాటేదాకా రంగు ఉంటూనే ఉంది."

"అందరికీ పది వస్తుంటే అనుమానం రాలేదా నీకు?"

"వచ్చింది మేడమ్. అందుకే ప్రతిసారీ నాలుగైదు సార్లు చేశాను."

"మరి పదని రాసేయకపోయావా?" అలా ఎందుకందో ఆవిడకే తెలియదు. జాలితో అని ఉంటుంది.

అమ్మాయి అప్పుడు తలెత్తింది. "పది రాలేదు కదా మేడమ్."

తండ్రి కంగారుపడ్డాడు. "తప్పు నాదేనండి. చిన్నప్పుడు కొట్లో నా పక్కన కూర్చుని కొలతలు రాసేది. టేపు ఎంత చూపిస్తే అంతే రాయమ్మా, మన మనసులో కొలత రాస్తే వాళ్లకి చొక్కా పట్టదు అనేవాణ్ణి. అదే పట్టుకుని కూర్చుంది. చదువులో ఇంకోలా ఉంటుందని నాకేం తెలుసండీ?"

చదువులో ఇంకోలా ఉంటుందట! సంతకం పెట్టబోయిన మేడమ్ చెయ్యి ఆగిపోయింది. బల్ల మీదున్న ఆ పిల్ల ల్యాబు పుస్తకం మళ్లీ తిరగేసింది. చేతకాని చేతికి ఒకరోజు పదకొండు రావాలి, ఇంకోరోజు పద్నాలుగు రావాలి. మూడు వారాలూ పన్నెండున్నర దగ్గరే ఎలా నిలబడింది?

"కాస్త కూర్చోండి," అని వాళ్లకి రెండు స్టూళ్లు చూపించి, తనే ప్రయోగం మొదలుపెట్టింది. పది దాటింది. రంగు చెక్కుచెదరలేదు. పన్నెండున్నరకి పోయింది. మళ్లీ చేసింది. మళ్లీ పన్నెండున్నర.

అప్పుడు ఆమ్లం సీసా వైపు చూసింది. ఈ ఏడాదే వచ్చిన కొత్త సీసాలవి. పాతవి రెండు లీటర్లవి. రెండు లీటర్లకి సరిపడా ఆమ్లం కొలిచి, మెడదాకా నీళ్లు నింపితే లెక్క సరిపోయేది. కొత్తవి రెండున్నర లీటర్లవి. సీసా మీద ఆ అంకె ఉండనే ఉంది. ఆవిడే చూడలేదు. ఆమ్లం పాత లెక్కనే కొలిచి, అలవాటుగా మెడదాకా నింపేసింది. ఆమ్లం పల్చబడింది. పల్చబడితే ఎక్కువ పడుతుంది, పదికి బదులు సరిగ్గా పన్నెండున్నర.

అంటే తరగతిలో ప్రయోగం చేసింది ఒక్కతే. మిగతావాళ్లంతా మేడమ్‌ని మెప్పించారు.

ఆవిడ ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. పిల్లల్ని తిట్టుకుందామన్నా మనసు ఒప్పలేదు. పది రావాలని ముందే చెప్పిందెవరు? పది రాసినవాళ్లకి మార్కులు వేసిందెవరు? అబద్ధం రాయడం ఎలాగో తనే దగ్గరుండి నేర్పింది.

"ఇలా రా అమ్మా," అంది చివరికి. "తప్పు నీ చేతిది కాదు, నాది. సీసా నేనే తప్పు కలిపాను. పైగా నలుగురిలో నిన్ను అన్నాను. ఏమీ అనుకోకమ్మా."

అమ్మాయి నాన్న వైపు చూసింది, సీసా వైపు చూసింది. "అయితే నాకు వచ్చినట్టేనా మేడమ్?"

"నీకొక్కదానికే వచ్చిందే పిచ్చితల్లీ."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల, మూడు వారాల ఏడుపూ కలిపి. తండ్రి చేతిలో అర్జీ పట్టుకుని, "మరి దీన్నేం చేద్దామండీ?" అన్నాడు. మేడమ్ చించేయమనలేదు. మూడు వారాల నొప్పి ఒక్క క్షమాపణతో తీరదని ఆవిడకి తెలుసు. "సోమవారం గంట ముందు రా, పనుంది," అని మాత్రం అంది.

సోమవారం అమ్మాయి గంట ముందే వచ్చింది. అర్జీ సంగతి మేడమ్ అడగలేదు, ఆ పిల్లా ఎత్తలేదు.

అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా. మేడమ్ తరగతిలో జరిగిందంతా దాచకుండా చెప్పింది. "ఆ సీసాలతో పది రావడం అసాధ్యం. మీ అందరికీ ఎలా వచ్చింది?"

ఫస్టు ర్యాంకు అబ్బాయి లేచాడు. "మీరే పది రావాలన్నారు కదా మేడమ్." పొగరుతో అన్న మాట కాదది. నిజంగానే అర్థంకాక అన్నాడు.

"అన్నాను నాన్నా. ఇక అనను. పాత మార్కులన్నీ కొట్టేస్తున్నాను. మొదలుపెట్టండి."

గంటన్నరసేపు ల్యాబులో నీటి చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. గులాబీ రంగు పోవడం కళ్లారా చూసి నోరు తెరిచిన వాళ్లున్నారు. ఫస్టు ర్యాంకు అబ్బాయికి ఒకసారి ఎనిమిది, ఒకసారి తొమ్మిదిన్నర, ఇంకోసారి ఏడు వచ్చాయి. చెమటలు పట్టాయి. చివరికి మేడమ్ దగ్గరికొచ్చి, "ఇంతకీ ఎంత రావాలి మేడమ్?" అని గొణిగాడు.

"నాకూ తెలియదు. ఇవాళ సీసా కలిపింది నేను కాదు." ఆవిడ నత్త వైపు చూపించింది. పొద్దున ఆ పిల్ల ఆమ్లం కొలిచి కలుపుతున్నంతసేపూ మేడమ్ అటు తిరిగి నిలబడింది.

వాడు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నువ్వైనా చెప్పు. నీకు పుణ్యముంటుంది."

వారం కిందట వాడే అందరికన్నా గట్టిగా నవ్వాడు. అమ్మాయి వాణ్ణి ఒక నిమిషం చూసింది. తర్వాత తన స్టూలు లాక్కుని వాడి గాజుగొట్టం ముందుకి జరిగి కూర్చుంది.

"చెప్పను," అంది. "నువ్వు మెల్లగా వదులు. రంగు పోయేదాకా నేనిక్కడే ఉంటాను."